పిల్లల చేతిలోని ఫోను: తల్లిదండ్రుల కాపలా, దాని హద్దులు



సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక.

కొంతకాలం క్రితం అస్ర్ నమాజు తరువాత ఒక తండ్రి తన కుమారుని ఫోను తెచ్చి మా చేతిలో పెట్టారు. అబ్బాయికి 15 ఏళ్లు. "మౌలానా! ఇందులో హిస్టరీ అంతా ఖాళీ. అర్ధరాత్రి దాటేదాకా వీడు ఏం చూస్తున్నాడో తెలుసుకునే ఉపాయం చెప్పండి. వాడికి మాత్రం తెలియకూడదు" అన్నారు. ఆ చివరి మాట వద్ద మేము ఆగిపోయాము. నేటి ప్రసంగం ఆ మాటను గురించే. వారి సంగతిని తండ్రీకొడుకులిద్దరి అనుమతితోనే ప్రస్తావిస్తున్నాము.

ముందు ఆ ఖాళీ హిస్టరీని అర్థం చేసుకుందాం. బ్రౌజరులో 'ఇన్‌కాగ్నిటో' అనే కిటికీ ఒకటి ఉంటుంది. దానిలో చూసినవాటి జాడ, ఆ కిటికీ మూయగానే ఫోనులోంచి చెరిగిపోతుంది. పిల్లలు దాన్ని ఎవరికీ కనిపించని చీకటి గది అనుకుంటారు. అది పొరపాటు. చూసిన సైటుకు తెలుస్తుంది. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు ఏ సైటుకు వెళ్లారో చాలావరకు తెలుస్తుంది. దించుకున్న ఫైళ్లు ఫోనులోనే మిగులుతాయి. ఈ సంగతి పిల్లలకు విప్పి చెప్పడమే మన మొదటి బాధ్యత.

ఇక కాపలా మాట. ప్రతి మనిషీ ఒక కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రశ్నించబడతాడనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. కనుక "కాలం మారింది, మనమేం చేయగలం" అని చేతులు దులుపుకునే వీలు తల్లిదండ్రులకు లేదు. చిన్నపిల్లల విషయంలో మార్గాలు చాలానే ఉన్నాయి. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ ద్వారా పిల్లల ఖాతాను మన పర్యవేక్షణలో ఉంచుకుంటే, ఆ ఖాతాలో క్రోమ్ ఇన్‌కాగ్నిటో తెరుచుకోదు. ఐఫోనులో స్క్రీన్ టైమ్ ద్వారా అశ్లీల సైట్లను కట్టడి చేస్తే సఫారీలోని ప్రైవేట్ కిటికీ కూడా మూతపడుతుంది. ఇంటి వైఫై రౌటరులో డీఎన్ఎస్ చిరునామాగా 1.1.1.3 పెడితే అశ్లీల సైట్లలో అధికభాగం ఇంట్లోకి రావు. అయితే మొబైల్ డేటాకు మారినా, వీపీఎన్ వాడినా ఆ గోడ దాటేయవచ్చు. అన్నిటికన్నా చౌకైన ఉపాయం ఒకటుంది: రాత్రివేళ ఇంటిల్లిపాది ఫోన్లూ హాలులోనే ఛార్జింగులో ఉండాలి. తండ్రి ఫోను సైతం.

ఇవన్నీ పిల్లలకు తెలిసి, వారి ఎదుట జరిగేవి. చాటుగా వెదకడం వేరు. హుజురాత్ సూరా 12వ వాక్యంలో అల్లాహ్ గూఢచర్యాన్ని నిషేధించాడు. ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) ఇంటి రంధ్రంలోంచి లోనికి తొంగిచూసినప్పుడు, అనుమతి కోరే నియమం పెట్టబడిందే చూపు కారణంగా అని ఆయన మందలించిన సంఘటన బుఖారీలో ఉంది. నూర్ సూరా 58, 59 వాక్యాలను గమనించండి. పసివారు మూడు వేళలలో మాత్రమే అనుమతి అడిగి పెద్దల గదిలోకి రావాలి. యుక్తవయసు వచ్చాక ఎల్లప్పుడూ అడిగే రావాలి. అంటే వయసుతోపాటు ఇంటిలోపలి హద్దులు మారుతాయి. ఈ ఆజ్ఞ పిల్లలకే కదా అని కొందరు అంటారు. మా అవగాహనలో, పిల్లలకు ఏ తలుపు వద్ద ఆగడం నేర్పుతున్నామో ఆ తలుపు వద్ద మనమూ ఆగగలగాలి. ఎనిమిదేళ్ల బిడ్డ ఫోను పక్కన కూర్చుని చూడటం సంరక్షణ. పదహారేళ్ల అమ్మాయి తన స్నేహితురాలికి రాసుకున్న మాటలను ఆమె నిద్రపోయాక చదవడం సంరక్షణ కాదు.

మేము మద్రసాలో చదువుకునే రోజులలో, మేము లేని వేళ మా ట్రంకు పెట్టెలు తెరిపించేవారు. నవలలు చదవడం మేము మానలేదు. వాటిని అటక మీదికి మార్చాము.

రహస్యంగా పనిచేసే నిఘా యాప్‌లను కొనేవారికి ఇంకొక మాట. వాటిలో అనేకం బిడ్డ ఫోటోలను, సందేశాలను ఎవరో నడిపే సర్వర్లకు చేరవేస్తాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే పరిగణించి, వారి కదలికలను కంపెనీలు వెంబడించడాన్ని నిషేధించింది. కంపెనీలకు చట్టం మూసిన తలుపును తండ్రే తన డబ్బుతో తెరిచి ఇస్తే ఏమనాలి?

అయితే నిషేధానికి మినహాయింపు లేకపోలేదు. ఇమామ్ మావర్దీ 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా'లో, మార్కెట్టును, వీధులను పర్యవేక్షించే అధికారికి గూఢచర్యం తగదని చెబుతూనే, ప్రాణానికో మానానికో తిరిగి పూడ్చలేని నష్టం జరగబోతున్నదని నమ్మదగిన మనిషి తెలిపితే వెదకవచ్చునన్నారు. ఇంటికీ ఈ కొలత సరిపోతుందని మేము భావిస్తున్నాము. బిడ్డ అన్నం మానేసినా, ఫోను మోగితే వణికినా, ఇంట్లో డబ్బు మాయమవుతున్నా, చచ్చిపోతానన్నా అక్కడ ఆలోచిస్తూ కూర్చోరాదు. ముందు అడగాలి, చెప్పకపోతే, "నీ కోసం భయంగా ఉంది, ఫోను చూస్తున్నాను" అని అతనికి చెప్పి చూడాలి. వట్టి అనుమానం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఆ తండ్రికి ఫోను తిరిగి ఇచ్చి, కొడుకును నేరుగా అడగమన్నాము. మొదటి రాత్రి అబ్బాయి పెదవి విప్పలేదు. మూడవ రోజున ఏడుస్తూ చెప్పాడట: అమ్మాయి పేరుతో పరిచయమైన ఎవరో అతని ఫోటో సంపాదించి, డబ్బు పంపకపోతే బంధువులందరికీ పంపుతానని బెదిరిస్తున్నారు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటే, "మీరు ఫోను పగలగొడతారనుకున్నాను, అబ్బా" అన్నాడట. ఇటువంటి స్థితిలో డబ్బు పంపకూడదు, సందేశాలు చెరపకూడదు. వాటిని స్క్రీన్‌షాట్లు తీసి 1930కు ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. పిల్లలు నేరుగా మాట్లాడదలిస్తే 1098 ఉంది.

ఈ రాత్రి ఇషా తరువాత మసీదు వరండాలో, ఫోనులోని ఈ అమరికలను తెలిసిన యువకులు చూపిస్తారు. పిల్లల ఫోను తెచ్చేవారు పిల్లలను కూడా వెంట తీసుకురావాలి. ఫోను ఒక్కటే తెస్తే చూడము.