చీకటికి ఎదురు నిలిచిన దివిటీ (నవలా పరిచయం)



సామ్రాజ్యం అనగానే మనకు కోటలు, సైన్యాలు గుర్తుకొస్తాయి. కానీ ఒక జాతిని తరతరాలు అణచి ఉంచడానికి కత్తి ఒక్కటే చాలదు. వాళ్ల చేతిలోని పుస్తకాన్ని కూడా లాక్కోవాలి. ఈ సంగతిని కథగా చెప్పిన ఇంగ్లీషు నవల ‘ఎ టార్చ్ అగెనస్ట్ ది నైట్’. రచయిత్రి సబా తాహిర్. 2015లో వచ్చిన ‘యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్’కు ఇది రెండో భాగం. 2016లో వచ్చింది. మొత్తం నాలుగు భాగాలు.

సబా తాహిర్‌ది పాకిస్తానీ మూలాలున్న కుటుంబం. అమెరికాలో ఎడారి మధ్య తల్లిదండ్రులు నడిపిన చిన్న మోటెల్‌లో ఆమె పెరిగారు. వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పనిచేస్తున్నప్పుడు, కశ్మీరులో కనబడకుండా పోయిన తమ మగవాళ్ల కోసం ఎదురుచూసే స్త్రీల గురించి చదివారు. ఈ కథకు అదే బీజం.

కథలో ఐదు వందల ఏళ్ల క్రితం ‘మార్షల్స్’ అనే యోధజాతి ‘స్కాలర్స్’ అనే జాతిని జయించింది. ఒకప్పుడు గొప్ప విశ్వవిద్యాలయాలు నడిపిన స్కాలర్స్‌లో ఇప్పుడు చాలామంది బానిసలు. పేరులో చదువుంది, బతుకులో లేదు. లాయా ఆ జాతి పిల్ల. ఆమె అన్న డారిన్‌ను సైనికులు పట్టుకుపోయారు. అతణ్ణి విడిపించడానికి, సైన్యం విడిచిన యోధుడు ఎలయాస్‌తో కలిసి ఆమె ఉత్తరాన ఉన్న కాఫ్ జైలుకు బయలుదేరుతుంది. ఆ జైలు అధికారిని వార్డెన్ అంటారు. (మన వార్డెన్ గారిని తలచుకుని నవ్వకండి!) ఆ వార్డెన్ చిన్నపిల్లల్ని సైతం హింసించి, మనిషి బాధను ప్రయోగంలా పరిశీలిస్తాడు.

డారిన్ ఎందుకంత ముఖ్యం? సామ్రాజ్యపు బలమంతా విరగని సెరిక్ ఉక్కు కత్తుల్లో ఉంది. దాని తయారీ మార్షల్స్ దాచుకున్న రహస్యం. ఒక మార్షల్ కమ్మరే మనసు మారి డారిన్‌కు ఆ విద్య నేర్పాడు. అంటే సామ్రాజ్యం భయపడింది కుర్రాడికి కాదు, అతను నేర్చిన విద్యకు.

అవతలి పక్షాన ఎలయాస్ ప్రాణస్నేహితురాలు హెలీన్ ఉంది. అతణ్ణి చంపమని చక్రవర్తి ఆమెనే ఆజ్ఞాపిస్తాడు. కాదంటే ఆమె కుటుంబం బలి. అన్యాయపు రాజ్యంలో పెద్ద పదవిలో ఉన్నవాళ్లకూ స్వేచ్ఛ ఉండదు.

లాయా వీరనారి కాదు. సైనికులు వచ్చిన రాత్రి అన్నను వదిలి పారిపోయిన పిల్ల. ఆ సిగ్గును మోస్తూ, భయపడుతూనే ముందుకు నడుస్తుంది. మాకు ఆమె నచ్చింది అందుకే.

మేము ముగ్గురం ఈ నవలను నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగైదు పేజీల చొప్పున చదివాం. మా అమ్మలు ఇప్పటికీ వేలిముద్ర వేస్తారు. మా ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. పట్టా అందుకున్న రోజు గెలిచేశామనుకున్నాం. పి.జి.లో మొదటి సెమినార్ రోజు అందరి ముందూ నోరు పెగల్లేదు. గెలిచింది మొదటి భాగమేనని అప్పుడు తెలిసింది.

కాఫ్ చేరాక కథలో ఒక ప్రశ్న వస్తుంది. అన్న ఒక్కణ్ణి తీసుకుని వెళ్లిపోవాలా? గోతుల్లో మగ్గుతున్న మిగతా ఖైదీల మాటేమిటి? జవాబు మేము చెప్పము. కానీ హాస్టల్ వదిలి వెళ్లిన మమ్మల్ని ఆ ప్రశ్న నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ నవలను, ఒక నిఘంటువును కొని మన స్టడీ హాలు బీరువాలో పెట్టాం. నెలకో ఆదివారం మేమూ వచ్చి కూర్చుంటాం. అర్థంకాని పేజీలు మడిచి ఉంచండి. కలిసి చదువుదాం.

మీ అన్నలు