కోవిడ్-19 టీకాల ప్రభుత్వ సేకరణ, సరఫరా (హైదరాబాదు)

ప్రభుత్వ సేకరణ అనగా ప్రజలకు అవసరమైన వస్తువులను, సేవలను ప్రభుత్వం ప్రజాధనంతో కొనుగోలు చేసే ప్రక్రియ. కొన్న వస్తువు తయారీదారు నుండి వినియోగదారుని వరకు చేరడానికి దాటవలసిన దశలన్నిటినీ కలిపి సరఫరా గొలుసు అంటారు. వీటిలో ఏ ఒక్కటి విఫలమైనా రెండవది నిరుపయోగమవుతుంది. 2021లో జరిగిన కోవిడ్-19 టీకాల సేకరణ ఇందుకు ఉదాహరణ. ఈ సరఫరాలో రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ముఖ్యపాత్ర వహించింది.

కేంద్ర ప్రభుత్వ కొనుగోలు

తొలిదశలో టీకాలను కేంద్ర ప్రభుత్వమే కొని రాష్ట్రాలకు ఉచితంగా అందజేసింది. 2021 జనవరిలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుండి 110 లక్షల కోవిషీల్డ్ డోసులను, పన్నులు కాక, డోసు 200 రూపాయల చొప్పున కొన్నది. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ నుండి 55 లక్షల కోవాక్సిన్ డోసులు తీసుకున్నది. వీటిలో 38.5 లక్షల డోసులకు 295 రూపాయల చొప్పున చెల్లించగా, మిగిలిన 16.5 లక్షల డోసులను సంస్థ ఉచితంగా ఇచ్చింది. దీనితో డోసు సగటు ధర సుమారు 206 రూపాయలకు తగ్గింది.

శంషాబాద్ విమానాశ్రయం పాత్ర

2021 జనవరి 12న పుణె నుండి తొలి విడత కోవిషీల్డ్ శంషాబాద్‌కు చేరింది. అక్కడి నుండి దానిని హైదరాబాదు కోఠీలోని రాష్ట్ర టీకా నిల్వ కేంద్రానికి తరలించారు. మరునాడు ఇదే విమానాశ్రయం నుండి కోవాక్సిన్ ఢిల్లీకి బయలుదేరింది. జనవరి 16న దేశమంతటా టీకా కార్యక్రమం ప్రారంభమైంది.

ఈ రెండు టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. తయారీ కేంద్రం, విమానం, నిల్వ కేంద్రం, ఆరోగ్య కేంద్రం – ఎక్కడ ఈ ఉష్ణోగ్రత తప్పినా టీకా పాడయ్యే ప్రమాదం ఉంది. రష్యాకు చెందిన స్పుత్నిక్ వి టీకాకు ఇంకా తక్కువ, అనగా మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లని నిల్వ అవసరం. డాక్టర్ రెడ్డీస్ సంస్థ దిగుమతి చేసుకున్న ఈ టీకా 2021 మే 1న 1.5 లక్షల డోసులు, జూన్ 1న సుమారు 30 లక్షల డోసులు శంషాబాద్‌లోనే దిగాయి.

రాష్ట్రాల టెండర్లు

2021 మే 1 నుండి అమలైన విధానం ప్రకారం ఉత్పత్తిలో సగం కేంద్రానికి, మిగిలిన సగం రాష్ట్రాలకు, ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయించారు. కోవాక్సిన్ ధరను రాష్ట్రాలకు 400 రూపాయలుగా, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 రూపాయలుగా సంస్థ నిర్ణయించింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు చెరి ఒక కోటి డోసులకు అంతర్జాతీయ టెండర్లు పిలిచాయి. గడువు ముగిసేసరికి రెండింటికీ బిడ్లు రాలేదు. అప్పటికే సంపన్న దేశాలు ముందస్తు ఒప్పందాలతో విదేశీ టీకాలలో అధికభాగం కొనుక్కున్నాయి. పైగా ఫైజర్, మోడెర్నా సంస్థలు కేంద్ర ప్రభుత్వంతో మాత్రమే వ్యవహరిస్తామని ఇతర రాష్ట్రాలకు తెలిపాయి.

ఈ విధానాన్ని సుప్రీం కోర్టు ప్రశ్నించింది. జూన్ 21 నుండి ఉత్పత్తిలో 75 శాతాన్ని కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చే పద్ధతి అమలులోకి వచ్చింది.

ప్రాముఖ్యత

విమానాశ్రయం, శీతల గిడ్డంగులు, సిబ్బంది సిద్ధంగా ఉన్నా, కొనుగోలు ఒప్పందం లేనిచో టీకా రాదని ఈ అనుభవం తెలిపింది. కొరత సమయంలో విడివిడిగా పోటీపడే కొనుగోలుదారుల కంటే, ముందుగా పెద్ద మొత్తంలో ఒప్పందం చేసుకున్నవారికే సరఫరా సులభంగా లభిస్తుంది.