ట్రాన్స్‌మిషన్ కూలర్ లీక్: బిగిస్తే ఆగదు, చోటు కనుక్కుంటేనే ఆగుతుంది

ధర్మవరం నుంచి మాట్లాడుతున్నాను. ఆటోమేటిక్ బండికి బయట కొని పెట్టించుకున్న ట్రాన్స్‌మిషన్ కూలర్ దగ్గర ఆయిల్ కారితే ఏం చేయాలో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. చిన్న చుక్కే కదా అని మేం వదిలేశాం. ఆ చుక్కే మమ్మల్ని రాత్రిపూట హైవే మీద నిలబెట్టింది.

మాది చీరల ఇల్లు. పట్టుచీరల మూటలు వేసుకుని నెలకు రెండు మూడు సార్లు బెంగళూరు చిక్‌పేటకు పోయి వస్తుంటాం. దానికోసం ఏడు సీట్ల పాత ఆటోమేటిక్ బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ముందటి ఓనర్ దానికి అదనంగా ఒక కూలర్ పెట్టించి ఉన్నాడు. కొన్న నెలకే బండి నిలిపిన చోట ఎర్రటి చుక్కలు కనపడ్డాయి. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే పైపు క్లిప్పు బిగించి పంపించాడు. పది రోజులకు మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగించాడు. మూడోసారి కారినప్పుడు ‘పోయొచ్చాక చూద్దాంలే’ అనుకున్నాం.

ఆ ట్రిప్పులోనే, అమ్మానాన్నలతో బెంగళూరు నుంచి తిరిగి వస్తున్నాను. కొడికొండ చెక్‌పోస్ట్ దాటి సోమందేపల్లి దగ్గరికి వచ్చేసరికి, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు. “ఏమిరా, ఇంత అరుస్తాంది, ముందుకు పోదే?” అన్నాడు నాన్న. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. ఫోన్ టార్చ్ వేసి చూస్తే ముందు బంపర్ కింద అంతా ఎర్రగా తడిసిపోయి ఉంది. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి, అమ్మ వెనక సీట్లో భయంతో కూర్చుంది. బండిని టో చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. వెంటనే ఆపాం కాబట్టి గేర్‌బాక్స్ బతికింది. అట్లాగే తోలి ఉంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోయేవి.

ఇంతకీ ఈ కూలర్ ఎందుకు? మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజన్ శక్తిని గేర్లకు అందించేది టార్క్ కన్వర్టర్. అది ఏటీఎఫ్ అనే ఆయిల్‌ను సుడి తిప్పుతూ పనిచేస్తుంది, ఆ తిప్పుడులోనే వేడి పుడుతుంది. ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. 120 దాటి చాలాసేపు ఉంటే పాడవడం మొదలవుతుంది. చాలా బండ్లకు రేడియేటర్ లోపలే ఒక చిన్న కూలర్ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు నిండా లోడు, బెంగళూరు ట్రాఫిక్. అందుకే కొందరు రేడియేటర్ ముందు ఇంకో కూలర్ పెట్టించుకుంటారు. ఐడియా మంచిదే. కానీ ఫ్యాక్టరీ పైపును కోసి కొత్తగా జాయింట్లు పెడతారు కాబట్టి, కారేది ఎక్కువగా అక్కడే. ఒక మాట, ఏఎంటీ బండ్లకు ఈ గొడవ లేదు, వాటిలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే.

మొదటి పని, కారేది ఏమిటో తేల్చుకోండి. రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. నీళ్ళలా తేటగా ఉంటే ఏసీ నీళ్ళు, భయం లేదు. పచ్చగానో గులాబీగానో పల్చగా, జిడ్డు లేకుండా ఉంటే కూలెంట్. ఎర్రగా జిడ్డుగా ఉంటే చాలావరకు ఏటీఎఫ్. ఇంకో ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ రోజ్ మిల్క్ రంగులో కనపడితే, రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్, ఏటీఎఫ్ కలిసిపోయాయని అర్థం. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

రెండో పని, కారే చోటు కనుక్కోవాలి. అసలు కథంతా ఇక్కడే ఉంది. బండి పోతున్నప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. అందుకే చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. ఇంజన్ బాగా చల్లారాక కూలర్, పైపులు, జాయింట్లు అన్నీ డీగ్రీజర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత జాయింట్ల మీద మామూలు టాల్కం పౌడర్ చల్లండి. ఇంజన్ పది నిమిషాలు నడిపి, ఆపి, చూడండి. తెల్లటి పౌడర్ మీద ఎర్రటి చార కనపడుతుంది. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటే అసలు చోటు. “మగ్గం మీద పోగు తెగితే, తెగిన చోటు చూసి ముడి వేస్తాం. ఊరికే లాగి బిగిస్తే అవుతుందా?” అన్నాడు నాన్న. మేం రెండుసార్లు చేసింది ఆ బిగింపే.

మా బండిలో దొరికిన తప్పులు మూడు. ఒకటి, వాడింది రేడియేటర్ నీళ్ళ పైపు. ఆ రబ్బరు నీళ్ళకు తట్టుకుంటుంది, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడిన రబ్బరును బిగిస్తే ఇంకా నలుగుతుంది తప్ప పట్టు రాదు. షాపులో ‘ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోస్’ అని అడగండి. పైపు మీద ఎస్‌ఏఈ జె1532 అని ఉంటే అది ఈ పనికోసం చేసిందే. రెండు, స్టీల్ పైపును రంపంతో కోసి నున్నగా వదిలేశారు. పైపు చివర చిన్న ఉబ్బు ఉండాలి, లేకపోతే హోస్ జారిపోతుంది. ఫ్లేరింగ్ టూల్ ఉన్నవాళ్ళతో ఆ ఉబ్బు తీయించాం. హోస్‌ను ఉబ్బు దాటి ఒక అంగుళం లోపలికి ఎక్కించి, క్లిప్పును ఉబ్బుకు వెనకపక్క బిగించాం. మూడు, క్లిప్పు. గాట్లున్న మామూలు క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. లోపలివైపు నున్నగా ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పు వాడండి.

మీ కూలర్‌కు మరల ఫిట్టింగులు ఉంటే ఇంకో జాగ్రత్త. ఫ్లేర్ ఫిట్టింగుకు, ఓ-రింగ్ ఫిట్టింగుకు టెఫ్లాన్ టేప్ చుట్టకండి. వాటిలో ఆయిల్‌ను ఆపేది మర కాదు, లోహపు అంచో రబ్బరు రింగో. టేప్ ముక్క తెగి లోపలికి పోతే గేర్‌బాక్స్ వాల్వుల్లో ఇరుక్కుంటుంది. ఓ-రింగ్ పాతబడితే కొత్తది వేయండి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు కావాలి, ఒకటి కూలర్ వైపు పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే అల్యూమినియం మెడ మెలితిరిగి పగులుతుంది. కూలర్ ఒంటికే చిల్లు పడితే పేస్టులు పూయకండి, కూలర్ మార్చండి.

కిందికి దూరేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. వేడి ఏటీఎఫ్ ఒళ్ళు కాలుస్తుంది. సైలెన్సర్ పైపు మీద పడితే మంట కూడా లేస్తుంది.

చివరిగా ఆయిల్ నింపడం. షాపులో ‘గేర్ ఆయిల్’ అంటే వేరేది ఇస్తారు. మీ బండి మాన్యువల్‌లో రాసిన రకం ఏటీఎఫే కొనండి, రకాలు కలపకండి. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో చదునైన చోట, ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగానే లెవెల్ చూడాలి. ముందు బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఒకసారి మార్చండి. డిప్‌స్టిక్ లేని బండ్లలో కింద లెవెల్ ప్లగ్ ఉంటుంది, అది ఆయిల్ ఉష్ణోగ్రత కొలిచి చేసే పని కాబట్టి తెలిసినవాళ్ళకు వదిలేయండి. ఎక్కువ పోసినా నురగ వచ్చి గేర్లు జారతాయి.

ఆ తర్వాత పెనుకొండ దాకా ఒక రౌండు వేసి వచ్చి, మళ్ళీ పౌడర్ చల్లి చూశాను. తెల్లగానే ఉంది. ఇప్పుడు చిక్‌పేటకు బయల్దేరే ముందు రోజు రాత్రి అట్టముక్క పరచడం మా ఇంట్లో అలవాటైపోయింది. పొద్దున లేచి ముందుగా దాన్ని చూసేది అమ్మే. మీరూ ఈ రాత్రి మీ బండి కింద ఒక అట్టముక్క పరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.