చిన్న లారీకి తగిన చక్రము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో చిన్న లారీ కనిపింపని ఊరు నేడు అరుదు. పలాస జీడిపప్పు, ఉద్దానపు కొబ్బరికాయలు, రైతుబజారునకు వచ్చు కూరగాయలు, తీరగ్రామముల నుండి మంచుముక్కలలో తెచ్చు చేపలు - ఇవన్నియు ఆ బండి మీదనే సాగుచున్నవి. 2005లో టాటా సంస్థ 'ఏస్' అను బండిని విపణికి తెచ్చిన పిమ్మట ఈ జాతి బండ్లు దేశమంతట వ్యాపించినవి; జనులు దానిని 'ఛోటా హాథీ' యని ముద్దుగా పిలిచిరి. 2021 జనవరిలో ఇంటింటికి రేషను బియ్యము చేర్చుటకై మన రాష్ట్రమున 9,260 చిన్న లారీలను ప్రవేశపెట్టిరి. ఆ పద్ధతి 2025 జూనులో నిలిచిపోయినది. అనేక కుటుంబములకు ఈ బండియే పొలము, ఈ బండియే కొట్టు.

అట్టి బండిని అలంకరింపవలెనని యువకులకు తోచుట సహజము. ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టినవారి మనుమలే గదా వీరు! ఈ అలంకారములలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, బండి మట్టమును తగ్గించుట. రెండవది, కర్మాగారము ఇచ్చిన ఇనుప డిస్కులను తీసివైచి, మెరయు మిశ్రలోహపు చక్రములను, అనగా అలాయ్ వీల్సును, బిగించుట. ఈ వేడుక 1970, 80 దశాబ్దులలో కాలిఫోర్నియాయందు, జపాను నుండి వచ్చిన డాట్సన్, టొయోటా, మాజ్దా చిన్న ట్రక్కులతో ప్రబలినది. అయితే అచ్చటి వేడుక బండి తరచుగా ఖాళీగా తిరుగును; ఇచ్చటి బండి బస్తాలు మోయును. ఈ భేదమును మరచి చక్రమును ఎంచుకొన్నచో కష్టము తప్పదు.

చక్రము బండికి అమరుట కొలతలను బట్టి గాని అందమును బట్టి కాదు. మన వడ్రంగులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఎద్దుబండి చక్రమునకు కుండ, ఆకులు, పూటీలు అమర్చి, ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీరు పోసి బిగియజేయుదురు. పట్టా చుట్టుకొలత కొంచెము పెద్దదైనచో అది జారిపోవును; మరీ చిన్నదైనచో ఆకులు విరుగును. నేటి చక్రమునకు కొలతల పేర్లు మారినవి, నీతి మారలేదు.

మొదటి కొలత బోల్టుల వలయము. హబ్బు మీది బోల్టుల నడిమి బిందువుల గుండా వృత్తము గీసినచో దాని వ్యాసమే ఈ కొలత. వర్తకులు దీనిని పి.సి.డి. అందురు. నాలుగు గాని ఆరు గాని రంధ్రములున్న చక్రమున ఎదురెదురు రంధ్రముల నడిమి దూరము కొలిచిన చాలును. అయిదు రంధ్రములున్నచో సరిగా ఎదురుగా మరియొక రంధ్రము ఉండదు. కావున ప్రక్క ప్రక్క రంధ్రముల నడిమి దూరమును 1.701 చేత గుణింపవలెను. 112 మిల్లీమీటర్ల చక్రమును 114.3 మిల్లీమీటర్ల హబ్బునకు బలవంతముగ బిగింపజూచువారు కలరు. తేడా రెండు మిల్లీమీటర్లే గదా యని తోచును. కాని బోల్టులు వంగి నిలుచును, నట్టు తన పీఠమున కుదురుకొనదు, తుదకు బోల్టు తెగును.

రెండవది చక్రపు నడిమి రంధ్రము. అది హబ్బు ముక్కున కంటె చిన్నదైనచో చక్రము ఎక్కనే ఎక్కదు. పెద్దదైనచో ఎక్కును గాని సరిగా నడిమికి రాదు. వేగము హెచ్చినపుడు స్టీరింగు వణకును. ఆ సందును పూరించుటకు సరియైన కొలతగల రింగులు దొరకును.

మూడవది వెడల్పు, దానితో కూడిన ఆఫ్‌సెట్. చక్రపు వెడల్పునకు సరిగా నడుమ ఒక గీతను ఊహింపుడు. హబ్బునకు ఆనుకొను ముఖము ఆ గీతకు ఎంత దూరమున నున్నదో అదియే ఆఫ్‌సెట్. ముఖము వీధివైపున కున్నచో ఆ సంఖ్య ధనము. బండివైపున కున్నచో ఋణము. సంఖ్య తగ్గిన కొలదియు చక్రము బయటికి జరుగును. ఉదాహరణమునకు, 5 అంగుళముల వెడల్పును 40 మిల్లీమీటర్ల ధన ఆఫ్‌సెట్టును గల చక్రమును తీసి, 7 అంగుళముల వెడల్పును 20 మిల్లీమీటర్ల ధన ఆఫ్‌సెట్టును గల దానిని పెట్టితిమనుకొందము. వెడల్పు పెరిగినందున ఒక్కొక్క వైపున సుమారు 25 మిల్లీమీటర్లు హెచ్చును. ఆఫ్‌సెట్ తగ్గినందున చక్రమంతయు 20 మిల్లీమీటర్లు వెలుపలికి జరుగును. కావున వెలుపలి అంచు 45 మిల్లీమీటర్లు బయటికి వచ్చును. లోపలి అంచు 5 మిల్లీమీటర్లే లోనికి పోవును. బయటికి హెచ్చుగా వచ్చిన చక్రము మడ్‌గార్డును ఒరయును, బేరింగులపై భారము పెంచును. లోనికి హెచ్చుగా పోయినది కమాను కట్టను గాని బ్రేకు గొట్టమును గాని తాకును. బ్రేకు గొట్టము అరిగి తెగిన బండి గతి వేరుగ చెప్పనక్కర లేదు.

నాలుగవది టైరు మొత్తపు ఎత్తు. టైరుపై 215/75 ఆర్ 15 అని యున్నచో, 215 మిల్లీమీటర్ల వెడల్పు, అందు నూటికి 75 పాళ్లు ప్రక్కగోడ ఎత్తు, 15 అంగుళముల రిమ్ము అని యర్థము. లెక్క కట్టగా మొత్తపు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు వచ్చును. 17 అంగుళముల రిమ్మునకు 225/60 టైరు వేసినచో 702 వచ్చును; ఎత్తు సరిపోయినట్లే. కాని ప్రక్కగోడ 161 నుండి 135 మిల్లీమీటర్లకు తగ్గినది. గోతులను ఓర్చుకొనునది ఆ రబ్బరు గోడయే. అది పలుచనైన కొలది దెబ్బ నేరుగా రిమ్మునకు తగులును. ఇనుప డిస్కు సొట్టపడిన చోట మిశ్రలోహపు చక్రము పగులవచ్చును. సాలూరు నుండి కోరాపుట్టునకు ఘాటురోడ్డుపై సరకు తోలువారు దీనిని ప్రత్యేకముగ గమనింపవలెను.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మోయు శక్తి. టైరుపై ఒక భారసంఖ్య యుండును. 91 అన్నచో 615 కిలోలు, 99 అన్నచో 775 కిలోలు. వెనుక ఇరుసుపై 1,500 కిలోలు పడు బండికి ఒక్కొక్క చక్రము 750 కిలోలు మోయవలెను. 91 సంఖ్య గల కారు టైరు అందుకు చాలదు. చక్రమునకును ఇట్టి పరిమితి కలదు. అది తరచుగా దాని లోపలి వైపున అచ్చుపోసి యుండును. జపాను ప్రమాణముల ముద్రలలో జె.డబ్ల్యు.ఎల్. అనునది కార్లకు, జె.డబ్ల్యు.ఎల్.-టి అనునది ట్రక్కులకు, బస్సులకు. ఏ భారసంఖ్యయు లేని చక్రమును ఎంత చౌకగా వచ్చినను విడిచిపెట్టుటయే మేలు.

ఇక మట్టము సంగతి. మట్టము తగ్గిన బండ్లు రెండు విధములు: కోరి తగ్గించినవి, ఏండ్ల తరబడి అధికభారము మోసి కమానులు కూలబడి తగ్గినవి. రెండవ విధమైనవి మన త్రోవలలో తక్కువ కాదు. కమాను కట్టనుండి పట్టీలు తీసివేసినచో ఎత్తుతోపాటు బలమును తగ్గును. ఏ విధమైనదైనను, ఖాళీ బండి నిలిచియున్నపుడు చక్రము చుట్టును సందు కనిపించుట చాలదు. బండిని గట్టి ఆధారములపై నిలిపి, కమాను కట్టను ఇరుసు నుండి వదులుచేసి, జాకీతో ఇరుసును రబ్బరు ఆనిక తాకువరకు ఎత్తి చూడవలెను. ముందు చక్రములను రెండు వైపులకు పూర్తిగా త్రిప్పి చూడవలెను. నిండు బరువుతో గోతిలో పడినపుడు ఉండు స్థితి అదియే.

మరియొక పరీక్ష కలదు. టైరులో గాలి పూర్తిగా పోయినపుడు రిమ్ము అంచు నేలకు దిగును. అప్పుడు చట్రము గాని డీజిలు ట్యాంకు గాని నేలను తాకరాదు. బండిలో ఏ భాగమును రిమ్ము అడుగుకంటె క్రిందికి దిగరాదని కాలిఫోర్నియాలో చిరకాలము చట్టమే యుండెను. 2024 నుండి అది తొలగినది. కాని ఆ కొలతలోని క్షేమము తొలగలేదు.

నట్ల విషయమున అశ్రద్ధ పనికిరాదు. చక్రపు పీఠము శంఖాకారమైనచో నట్టు ముఖమును అట్లే యుండవలెను. 12 మిల్లీమీటర్ల లావు, 1.5 మిల్లీమీటర్ల మర గల బోల్టుపై నట్టు కనీసము ఎనిమిది చుట్లు ఎక్కవలెను. క్రొత్త చక్రము బిగించి వంద కిలోమీటర్లు నడిపిన పిదప మరల బిగింపు పరీక్షింపవలెను.

చట్టమును కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నముగ బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేటనే జరిగిన చట్టసవరణ ననుసరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. కావున రహదారిపై బాడుగకు తిరుగు బండి మట్టమును కోరి తగ్గించుట తగదు. చక్రము మార్చువారు తయారీదారు ఆ బండికి చెప్పిన కొలతలలోనే ఎంచుకొని, సందేహమున్నచో రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట శ్రేయస్కరము.

కొనుటకు ముందు ఒక్క చక్రమును తెప్పించి, ముందు ఒకమారు, వెనుక ఒకమారు తగిలించి, చేతితో త్రిప్పి చూడుడు. అయిదు కొలతలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు వెళ్లుడు. బండి కొనుటకు అప్పు తెచ్చిన తండ్రి, తెల్లవారుజామున బండి తోలుకొని పోయిన బిడ్డకై ఎదురుచూచు తల్లి ఆ కాగితమును అడిగి చూచుట తప్పు కాదు. మెరుపు నాలుగు నాళ్లలో మాయును. సరిగా అమరిన చక్రము బండిని ప్రతిదినము ఇల్లు చేర్చును.