వైరస్ సోకిన కంప్యూటర్ మాట నమ్మొద్దు

ఉన్నట్టుండి కంప్యూటర్ మందగిస్తుంది. బ్రౌజర్‌లో అడగని పేజీలు తెరుచుకుంటాయి. జిరాక్స్ షాపుకి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కూర్చుంటాయి. వెంటనే కొత్త యాంటీవైరస్ కోసం వెతుకుతాం. కానీ ముందు చేయాల్సింది ఇంటర్నెట్ తీసేయడం. మాల్‌వేర్, అంటే హానికర ప్రోగ్రాం, మన పాస్‌వర్డులు బయటికి పంపేదీ, కొత్త ఆదేశాలు తెచ్చుకునేదీ ఆ దారినే.

అసలు చిక్కు ఆ తర్వాతే. డిస్కులో ఏమున్నదీ తెలుసుకోవాలంటే యాంటీవైరస్ సాధారణంగా విండోస్‌నే అడగాలి. రూట్‌కిట్ అనే రకం మాల్‌వేర్ విండోస్ లోతుల్లో చేరి, ఆ జవాబులోంచి తన పేరు తీసేసి మిగతాది అందిస్తుంది. అందుకే ‘ఏ ముప్పూ లేదు’ అని స్కాన్ చెప్పినా పూర్తిగా నమ్మలేం. దీనికి మందు విండోస్ 10, 11లలోనే ఉంది: డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. వైరస్ గుర్తుల జాబితా పాతబడితే, దాన్ని అప్‌డేట్ చేసేంతసేపే నెట్ కలిపి, తర్వాత విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్లలో దీన్ని ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, మామూలు విండోస్ లేవకముందే వేరే చిన్న వ్యవస్థ డిస్కును గాలిస్తుంది. అప్పటికి మాల్‌వేర్ కదలికలేని ఫైలు మాత్రమే. దాక్కునే శక్తి దానికుండదు. పావుగంట పని.

అయినా లక్షణాలు పోకపోతే ఫొటోలు, పత్రాలు మాత్రం భద్రపరచుకుని విండోస్ మళ్లీ ఎక్కించడమే మేలు. ప్రోగ్రాం ఫైళ్లు వెంట తీసుకురావద్దు. పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి, బ్యాంకువి ముందు.

ఇక ఏ యాంటీవైరస్? విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలా ఇళ్లకు చాలునని నా అభిప్రాయం. కొనదలిస్తే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ సంస్థల పరీక్షా ఫలితాలు ఉచితంగా చూడొచ్చు. నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండు మాత్రం ఒకేసారి నడపకండి. ఒకదాని పనికి మరొకటి అడ్డుపడుతుంది. డబ్బులిచ్చి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసి వాడే అలవాటు ఉంటే ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా నిలవదు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది అప్‌డేట్ల గురించి. 2017 మే 12న బయటపడిన వన్నాక్రై అనే మాల్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రుల్ని స్తంభింపజేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ ఇచ్చింది. విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ ఇంట్లో ఉన్నది అదే అయితే, యాంటీవైరస్‌కి డబ్బు పెట్టేముందు ఆ కంప్యూటర్ 11కి మారగలదేమో చూడండి.