బడిలో ఎగతాళి – బతుకులో గాయం

సుల్తానాబాద్: "అవ్వా, నేను బడికి పోను. కడుపు నొస్తుంది."

పొద్దున లేవగానే ఈ మాట వినని ఇల్లు ఊళ్లో అరుదు. ఒకటి రెండు రోజులైతే తల్లి వాము నీళ్లు తాపి ఊరుకుంటుంది. వారమైనా నొప్పి తగ్గదు. విచిత్రమేమంటే ఆ నొప్పి ఆదివారం నాడు రాదు. ఆ రోజు పిల్లవాడు పొద్దంతా గోలీలాడుతూ హుషారుగా ఉంటాడు. సోమవారం తెల్లవారగానే మళ్లీ మొదలు. తండ్రికి కోపం వస్తుంది. రెండు దెబ్బలు వేసి "వీనికి చదువు అబ్బదు" అని తేల్చేస్తాడు. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు మేకల వెంటనో, హోటల్లో గ్లాసులు కడుగుతూనో కనిపిస్తాడు. హాజరుపట్టీలో అతని పేరు మిగులుతుంది. మనిషి మిగలడు.

ఆ నొప్పి కడుపులో లేదు. బడికి పోయే దారిలో ఉంది. నీళ్ల నల్లా దగ్గర ఉంది. మధ్యాహ్న భోజనం వరుసలో ఉంది. అక్కడ అతన్ని రోజూ ఎవరో ఒకరు ఏడిపిస్తున్నారు. నల్లగా ఉన్నాడని, నత్తి వస్తుందని, కుంటుతాడని, చిరిగిన అంగీ వేసుకున్నాడని, తండ్రి చేసే పని పేరుతో, కులం పేరుతో ఎక్కిరిస్తున్నారు. ఇంట్లో చెబితే "నువ్వే ఏదో చేసి ఉంటవ్" అని బాపు కొడతాడేమోనని భయం. సారుకు చెబితే సాయంత్రం దారి కాచి కొడతారని భయం. అందుకే అన్నిటికీ కడుపునొప్పి ఒక్కటే జవాబు.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే రోడ్డు మీద ఉన్న సుల్తానాబాద్ బియ్యం మిల్లులకు పేరు మోసిన ఊరు. 2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడే దాకా ఇది కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. పల్లెల్లో వాడలు వేరు వేరు. రైతు కొడుకు, కూలి బిడ్డ, హమాలీ కొడుకు, దుకాణదారు కూతురు ఒకే బల్ల మీద కూర్చునే చోటు సర్కారు బడి ఒక్కటే. ఆ చోట కూడా ఒకరిని ఒకరు తక్కువ చేసుకోవడం నేర్చుకుంటే, ఇక ఊళ్లో కలిసి బతకడం ఎక్కడ నేర్చుకుంటారు?

కొట్లాట వేరు, వేధింపు వేరు

"పిల్లలన్నాక కొట్లాడుకోరా? మేము కొట్లాడుకోలేదా?" అనేవారు చాలామంది ఉన్నారు. నిజమే. ఇద్దరు సమానమైన పిల్లలు బలపం కోసం జుట్లు పట్టుకుంటారు, సాయంత్రానికి భుజాల మీద చేతులు వేసుకుని ఇంటికి వస్తారు. దాన్ని పట్టించుకోనక్కర లేదు. వేధింపు అది కాదు. దానికి మూడు గుర్తులున్నాయి. కావాలని చేయడం మొదటిది. ఒక్కసారితో ఆపకుండా మళ్లీ మళ్లీ చేయడం రెండవది. ఎదురు తిరగలేని వాని మీద చేయడం మూడవది.

ఈ మూడు గుర్తులను ప్రపంచానికి తెలియజెప్పిన వారిలో ప్రముఖుడు నార్వే దేశంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్. ఆ దేశంలో 1982 చివరలో తోటివారి వేధింపులు తాళలేక ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నారు. దేశమంతా కదిలిపోయింది. మరుసటి ఏడాది, 1983లో, అన్ని బడుల్లో వేధింపుల నివారణ కార్యక్రమం చేపట్టారు. బెర్గెన్ నగరంలో సుమారు 2,500 మంది పిల్లలను రెండున్నరేళ్లు పరిశీలించగా వేధింపులు దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది. అక్కడ వాడిన మందేమీ గొప్పది కాదు. ఆట సమయంలో పంతుళ్లు పిల్లల మధ్య తిరిగారు. తరగతిలో పిల్లలే కూర్చుని నియమాలు రాసుకున్నారు. తప్పు చేసిన పిల్లవానితో, వాని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడారు. వీటిలో ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదన్నది గమనార్హం.

మాటకు మూలం ఇంట్లోనే

మూడో తరగతి పిల్లవానికి పక్కవాని కులం పేరుతో తిట్టడం ఎవరు నేర్పారు? పాఠ్యపుస్తకంలో అది లేదు. సారు చెప్పలేదు. అరుగు మీద పెద్దలు మాట్లాడుకున్న మాటే మరునాడు బడికి చేరుతుంది. "ఆ కుంటోడు", "ఆ గుడ్డోడు", "ఆ నత్తోడు" అని మనం అలవాటుగా అనేస్తాం. అనే వారి మనసులో విషం లేకపోవచ్చు. కానీ పక్కన కూర్చుని వింటున్న పిల్లవానికి, మనిషికి ఉన్న లోటునే పేరుగా పెట్టి పిలవవచ్చని అర్థమవుతుంది. మరునాడు వాడు ఆ మాటను రాయిలా విసురుతాడు.

బడిలో పడిన అవమానం ఎంత లోతుగా దిగుతుందో తెలియాలంటే డాక్టర్ అంబేద్కర్ బాల్యం చూస్తే చాలు. 1891లో పుట్టిన ఆయన మహారాష్ట్రలోని సతారాలో చదువుకున్నారు. తరగతిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవలసి వచ్చేది. దప్పికైతే నల్లా ముట్టరాదు. చప్రాసీ వచ్చి తిప్పితేనే నీళ్లు. చప్రాసీ లేని రోజు దప్పికతోనే ఉండాలి. దశాబ్దాలు గడిచి, విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన తర్వాత కూడా ఆయన ఆ గోనెపట్టాను మరచిపోలేదు, తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని నిషేధించింది. అయినా మధ్యాహ్న భోజనం వేళ పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ప్రతి ఊరూ తన బడికి పోయి ఒకసారి చూసుకోవడం మంచిది.

యాసను నవ్వినవారు, నవ్వులపాలైనవారు

ఎగతాళి అంటే ఏమిటో తెలంగాణ వారికి ఒకరు చెప్పనక్కర లేదు. "గిట్ల", "గట్ల" అన్నందుకు తరగతిలో నవ్వులపాలైన తరాలు మనవి. సినిమాల్లో మన యాసను చాలా కాలం రౌడీలకూ హాస్యగాళ్లకూ కట్టబెట్టారు. ఇంట్లో అవ్వ మాట్లాడే భాష తప్పని బడి చెబితే, పిల్లవాడు అవ్వ తప్పనుకుంటాడు, లేదా బడే తనది కాదనుకుంటాడు. ప్రజలు మాట్లాడుకునే పలుకుబడికి బడిలో గౌరవం ఉండాలని ప్రజాకవి కాళోజీ నారాయణరావు జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అయితే మన మీద నవ్విన వారిని తప్పు పట్టే మనం, ఇప్పుడు ఎవరి మీద నవ్వుతున్నాం? సుల్తానాబాద్, పెద్దపల్లి పరిసరాల్లోని ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు పనికి వస్తాయి. వారి వెంట పిల్లలూ వస్తారు. తెలుగు రాని ఆ పిల్లలను మన పిల్లలు ఎక్కిరిస్తే, మనం పడిన బాధనే మరొకరి నెత్తిన పెట్టినట్టు కాదా? ఒరియా మాట వినగానే నవ్వే పిల్లవానికి, వాని తాతను ఎవరు, ఎందుకు నవ్వారో ఇంట్లో చెప్పాలి.

మర్లవాయి నేర్పిన పాఠం

ఈ విషయంలో మన పక్కనే, పాత ఆదిలాబాద్ జిల్లాలో, ఒక మంచి ఉదాహరణ ఉంది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడైన తర్వాత, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను నియమించింది. ఆయన తన భార్య బెట్టీతో కలిసి మర్లవాయి గ్రామంలో గోండుల మధ్యనే నివసించారు. తమ భాష తెలియని పంతులు, ఆ పంతులు భాష తెలియని పిల్లలు ఉన్న చోట చదువు సాగదని గ్రహించారు.

1943లో మర్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే కేంద్రం తెరిచారు. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. పిల్లలకు మొదట తమ భాషలో అక్షరాలు, ఆ తర్వాత మిగతా భాషలు. తన భాష తెలిసిన పంతులు తన ఊరివాడే అయినప్పుడు బడిలో ఆ పిల్లవాణ్ని చూసి నవ్వేదెవరు? బడికి గౌరవం ఇమ్మని పిల్లలను అడిగే ముందు, బడి పిల్లలకు గౌరవం ఇవ్వాలన్నదే మర్లవాయి నేర్పిన పాఠం.

హాస్టల్ పిల్లలంటే చిన్నచూపు చూసేవారూ ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఏ పిల్ల ఏ కొండ ఎక్కుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

చూసి నవ్వేవారిదే బలం

ఏడిపించేవాడు ఒక్కడు. ఏడ్చేవాడు ఒక్కడు. చుట్టూ నిలబడి చూసేవారు ఇరవై మంది. ఈ ఇరవై మంది నవ్వితేనే ఆ ఒక్కడు వీరుడవుతాడు. వాళ్లు నవ్వకుండా వెళ్లిపోతే వాని ఆట ఆగిపోతుంది. ఫిన్లాండ్ దేశంలో టుర్కు విశ్వవిద్యాలయం వారు ఇదే సూత్రం మీద 'కివా' అనే కార్యక్రమం రూపొందించారు. 2009 నుంచి దాన్ని దేశవ్యాప్తంగా బడుల్లో అమలు చేశారు. దెబ్బలు తిన్న పిల్లవాని పక్కన వెళ్లి కూర్చోవడం, "రా, మాతో ఆడుకుందువు" అని పిలవడం అక్కడ పిల్లలకు నేర్పుతారు. ఎదిరించి కొట్లాడమని ఎవరూ చెప్పరు. ఒంటరిగా వదిలిపెట్టవద్దని మాత్రమే చెబుతారు.

మన పిల్లలకూ ఈ మాట చెప్పవచ్చు. సారుకు చెప్పడం చాడీ కాదని కూడా చెప్పాలి. ఒకరికి దెబ్బలు పడాలని చెప్పేది చాడీ. ఒకరికి దెబ్బలు తప్పాలని చెప్పేది సాయం.

చట్టం ఏమంటోంది?

ర్యాగింగ్ చట్టం కాలేజీలకే అనుకునేవారు ఎక్కువ. 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం విద్య నేర్పే సంస్థలతో పాటు హాస్టళ్లకూ, అనాథాశ్రమాలకూ వర్తిస్తుంది. తోటి విద్యార్థిని అవమానపరచినా, హేళన చేసినా ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. గాయపరిస్తే శిక్ష రెండేళ్ల దాకా పోతుంది. ఫిర్యాదు వచ్చినా కదలని సంస్థను నేరానికి తోడ్పడినట్టుగానే చట్టం పరిగణిస్తుంది. అయితే 18 ఏళ్లు నిండని పిల్లలను పెద్దల మాదిరిగా జైలుకు పంపరు. వారి విషయం బాలల న్యాయమండలి చూస్తుంది. వారిని శిక్షించడం కంటే సరిదిద్దడమే దాని ఉద్దేశం.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది పంతుళ్లకూ వర్తిస్తుంది. తరగతిలో "మొద్దు", "దున్నపోతు" అని సారే పిలిస్తే, పిల్లలు అదే పేరును గేటు బయటికి మోసుకుపోతారు. అదే చట్టం కింద పిల్లల హక్కుకు భంగం కలిగితే ఎవరైనా స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. దానికి డబ్బులు పడవు.

ఎవరేం చేయాలి?

అన్నిటికీ ఠాణా మెట్లు ఎక్కనక్కర లేదు. ఊళ్లోనే చేయదగిన పనులు చాలా ఉన్నాయి. హెడ్మాస్టరు నల్లా దగ్గర, భోజనం వరుసలో, బడి విడిచిన తర్వాత గేటు దగ్గర ఒక టీచరు తప్పక ఉండేలా చూడవచ్చు. వేధింపులు ఎక్కువగా జరిగేది పెద్దల కన్ను లేని చోటనే. తరగతిలో పిల్లల చేతనే నాలుగు నియమాలు రాయించి గోడకు అంటించవచ్చు. మధ్యాహ్న భోజనంలో హాజరుపట్టీ వరుసలో కూర్చోబెడితే ఎవరు ఎవరి పక్కన అన్న పేచీ ఉండదు.

బడి కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. సమావేశంలో సున్నం, బెంచీల సంగతితో పాటు ఎవరి పిల్లవాడు బడి మానేశాడు, ఎందుకు మానేశాడు అని ఒక్క మాట అడిగితే చాలు, సగం నిజం బయటికి వస్తుంది.

ఏడిపించే పిల్లవాడు కూడా పిల్లవాడే. వాన్ని ఇంట్లో ఎవరో కొడుతుండవచ్చు. తండ్రి తాగి వచ్చి తల్లిని కొడితే చూసి, ఆ చేతిని వాడు బడికి తెచ్చి ఉండవచ్చు. అటువంటి వాన్ని అందరి ముందు నిలబెట్టి బెత్తంతో కొడితే, బలమున్నవాడు బలం లేనివాన్ని కొట్టవచ్చన్న పాఠమే మరోసారి చెప్పినట్టవుతుంది. వాన్ని విడిగా పిలిచి మాట్లాడాలి. తాను బాధపెట్టిన పిల్లవానికి వాడే ఏదో ఒక మేలు చేసేలా చూడాలి.

ఇక ఇంటి సంగతి. సాయంత్రం పిల్లవాడు సంచి కింద పెట్టగానే "ఎన్ని మార్కులు వచ్చినయ్?" అని అడుగుతాం. ఒక్కరోజు ఆ ప్రశ్న మాని ఇలా అడిగి చూడండి: "ఇయ్యాల ఎవరితోని ఆడుకున్నవ్ బిడ్డా? ఎవరి పక్కన కూసొని తిన్నవ్?" జవాబు వెంటనే వస్తే సంతోషం. పిల్లవాడు తల వంచుకుంటే మాత్రం, మరునాడు వాము నీళ్లు తాపకండి. చెయ్యి పట్టుకుని వానితో పాటు బడి దాకా నడవండి.