మరక, మందు, మెలకువ

ఉర్దూలో 'దాగ్' అన్నను, తెలుగులో 'మరక' అన్నను భావమొకటే. తెలుగు బోధించు మాకు రసాయన విషయములతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. మా ఇంట జరిగిన ఒక పొరపాటే మమ్ములను ఇటు మరల్చినది.

ఒక రంజాను పండుగకు ముందు ఇల్లు శుభ్రపరచుచు, స్నానాల గది గోడలపై ఉప్పునీరు మిగిల్చిన తెల్లని చారలపై యాసిడ్ పోసితిమి. పింగాణీ పలకలు అద్దమువలె మెరసినవి. ఆ ఉత్సాహముతో వంటింటి తాండూరు బండపై, నీళ్ల కుండ క్రింద ఏర్పడిన తెల్లని చారపైనను అదే పోసితిమి. బుసబుస నురుగు లేచినది. చారతోపాటు బండ నునుపును పోయినది.

కారణమును రసాయనశాస్త్రము బోధించు మిత్రులు వివరించిరి. ఆ తెల్లని పొరలో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేటు. తాండూరు బండ సున్నపురాయి. అందును ప్రధానముగా ఉన్నది అదియే. మరక ఏదో, రాయి ఏదో ఆమ్లమునకు తెలియదు, రెంటిని కరగించును. నిమ్మరసము, వెనిగరు కూడ ఆమ్లములే. పింగాణీ పలకపై గాజువంటి పూత ఉండుటచే అది తట్టుకొనినది.

కావున మరక దేనిది, అది పడిన రాయి లేక పలక ఎట్టిది అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసిన పిమ్మటనే మందు వెదకవలెను. బండపై టింక్చర్ అయొడిన్ ఒలికినచో, ఫోటో స్టూడియోలలో ఫిల్ములు కడుగుటకు వాడుచుండిన హైపోను నీటిలో కలిపి తుడిచిన రంగు విరుగును. బండకు హాని లేదు. పింగాణీ తొట్టిపై ఇనుప తుప్పు మరకకు ఆక్సాలిక్ ఆమ్లము పనిచేయును. కాని అది విషము. చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను, పిల్లలకు అందనీయరాదు. పసుపు మరక సబ్బు తగిలిన ఎర్రబడును. భయపడనక్కరలేదు, కడిగి ఎండ సోకనిచ్చిన క్రమముగా వెలిసిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఆనాడు మా రెండవ చేత బ్లీచింగు పౌడరు డబ్బా ఉండెను. రెండును కలిపిన మరింత త్వరగా పోవునని తలచితిమి. మా తల్లిగారు వారించిరి. వాటి కలయికవలన క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ యుద్ధరంగమున జర్మను సేనలు శత్రువులపై విడిచినది ఈ వాయువునే. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చి ప్రాణము తీయగలదు. ఘాటు సోకినచో పని విడిచి వెంటనే బయటి గాలికి రావలెను.

మా బండకు పోయిన నునుపు తిరిగి రాలేదు. దానిని చూపియే ఇంటి పిల్లలకు ఈ పాఠము చెప్పుచున్నాము.